మూడు సీసాలు

"చీము వాసన ఎట్లుండె?"

సిస్టర్ మెర్సీ తలెత్తి చూసింది. పొద్దున ఆరింటి నుంచి అందరూ ఆమెను ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు, సూదిమందులో ఏం కలిపావని. వాసన గురించి అడిగింది ఈమె ఒక్కతే.

"వాసనా మేడం?"

"సోమవారం అక్షిత కడుపు కోసినప్పుడు నువ్వు టేబుల్ పక్కనే ఉన్నవు గద. జర జ్ఞాపకం చేసుకో."

"మాస్కు ఉన్నా ముక్కు పగిలిపోయింది. రెండుసార్లు చేతులు కడుక్కున్నా పోలే. ఆ పూట అన్నం ముట్టలే నేను."

రిజ్వానా తన చిన్న పుస్తకంలో 'దుర్వాసన' అని ఒక్క మాట రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

మహబూబ్‌నగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టకముందు ఆమె పదకొండేళ్లు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసింది. రోగుల చీము, మూత్రం గాజు పళ్లేల్లో పెంచి, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు చస్తుందో చెప్పడం ఆమె పని. ఈ శనివారం తెల్లవారగానే కల్వకుర్తి నుంచి డాక్టర్ శ్రీదేవి ఆమెకు ఫోన్ చేసింది అందుకే. శ్రీదేవి మత్తు డాక్టరు, భర్త దశరథం సర్జన్. బస్టాండు వెనక ముప్పై మంచాల దవాఖాన వాళ్లది. సోమవారం వాళ్ల ఒక్కగానొక్క కూతురు, పదిహేడేళ్ల అక్షితకు అపెండిక్స్ పగిలితే తండ్రే ఆపరేషన్ చేశాడు. మూడు రోజులు నిలదొక్కుకున్నట్టు కనిపించిన పిల్ల గురువారం సాయంత్రం నుంచి జారిపోతోంది. ఇప్పుడు ఐసీయూలో ఉంది. బీపీ నిలబడనిదే కదిలించవద్దని హైదరాబాదు డాక్టర్లు ఫోన్లోనే చెప్పేశారు.

ఎనిమిదీ పది అయింది.

"ఏ మందు ఎప్పుడిచ్చినవో చెప్పు."

"సోమవారం నుంచి రెండు. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్. గురువారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పదింటికి సారు ఆ రెండూ బంద్ చేసి వాంకోమైసిన్ రాసిండు. రాసింది రాసినట్టే ఇచ్చిన. ఏసయ్య తోడు."

"రెండూ ఒక్కసారే ఎందుకు బంద్ చేసిండు?"

మెర్సీ గోడ వైపు చూపించింది. నీలం పలక మీద తెల్లటి అక్షరాలు. 'రిపోర్టు వచ్చిన తరువాత రిపోర్టు ప్రకారమే మందు.'

"ఆరేండ్ల కింద ఇక్కడ ఒక కేసైందంట. అప్పటికెళ్లి సారుకు అదే పట్టింపు. రిపోర్టుల లేని మందు ఒక్క చుక్క ఎక్కనియ్యడు. కన్నబిడ్డకైనా అంతే."

ఆ కేసేమిటో మెర్సీ చెప్పనక్కర లేదు. రిజ్వానా ఉద్యోగం పోయింది ఆ కేసులోనే.

తలుపు తోసుకుని సీఐ విజేందర్ లోపలికి వచ్చాడు. మెర్సీని తెల్లవారుజామున పట్టి ఈ రికార్డుల గదిలో కూర్చోబెట్టింది ఆయనే.

"అయిందా మేడం? పెండ్లి సంబంధాల ఎంక్వయిరీలు చేసుకునేటోళ్లకు దవాఖానల ఏం పనో నాకు సమజ్ కాలే."

"పోయినేడు మీ బామ్మర్ది సంబంధం ఎంక్వయిరీ చేసింది నేనే సీఐ సాబ్. పిల్ల తరఫున. అందుకే కుదరలే."

తలుపు దగ్గరి కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నాడు. విజేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాటలొద్దు. సూది ఇచ్చింది ఈమె. మందు పని చెయ్యలే. సీసాలల్ల నీళ్లు నింపి అసలు మందు అమ్ముకుంది. ఖాళీ సీసాలు టెస్టుకు పంపిన."

"ఎప్పుడొస్తది రిపోర్టు?"

"మంగళవారం."

"పిల్ల మంగళవారం దాకా ఆగుతదా?"

రిజ్వానా గురువారం నాటి రిపోర్టు ఆయన ముందు పెట్టింది.

"మందుల దోషం లేదు సాబ్. మందు మంచిదే, కానీ వేరేవాళ్ల రోగానిది. చూడున్రి. అక్షిత చీముల దొరికింది స్టాఫ్ అనే బ్యాక్టీరియా ఒక్కటే అని రాసిన్రు. అది తోలు మీద, గడ్డలల్ల, పుండ్లల్ల ఉండేది. అపెండిక్స్ పగిలిందంటే పేగుల ఉన్న బ్యాక్టీరియా అంతా కడుపుల పడ్డట్టు. ఈ-కోలై ముందుగాల దొరకాలె. దానితోటి గాలి తగిలితే చచ్చే రకాలుంటయి. ఆ కంపు వాటిదే. అవి మామూలు పళ్లెంల పెరగయి, రిపోర్టుల రావు. అందుకే రిపోర్టుల లేకున్నా వాటి మందు ఆపొద్దు. సరే, అవి రాకపోయినయి. ఈ-కోలై ఏమైంది? గంత కంపు కొట్టిన చీముల పుండు బ్యాక్టీరియా ఒక్కటే ఉండుడు పదకొండేండ్లల్ల నేను చూడలే."

"అంటే?"

"ఈ రిపోర్టు అక్షితది కాదు. ఎవరిదో గడ్డ చీముకు మందు రాసి ఈ పిల్లకు ఎక్కిస్తున్నరు. వాంకోమైసిన్ ఈ-కోలైని ఏమీ చెయ్యదు. రెండు రోజుల సంది పిల్ల ఒంట్ల మందు లేనట్టే లెక్క."

మెర్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నమూనాలు కట్టే గది ఆపరేషన్ థియేటరు పక్కనే ఉంది. ఒక బల్ల, సీసాలు నిలబెట్టే చెక్క, తెల్ల పట్టీ చుట్ట, పెన్ను. గోడకున్న తీగకు బస్సు కార్గో రసీదులు గుచ్చి ఉన్నాయి. ఇక్కడి నమూనాలు ఆర్టీసీ బస్సులోనే హైదరాబాదు ల్యాబ్‌కు వెళతాయి. రిజ్వానా సోమవారం నాటి రసీదు తీసింది. మూడు సీసాలు. కౌంటర్‌లో ఇచ్చిన సమయం ఐదూ ముప్పై నాలుగు. దవాఖాన పుస్తకంలో బయటికి పోయిన సమయం నాలుగూ యాభై ఐదు.

"బస్టాండు ఎంత దూరం?"

"గోడ అవతలనే. ఐదు నిమిషాలు" అన్నాడు విజేందర్, ఇష్టం లేకుండానే.

"పట్టుకపోయిన మనిషికి ముప్పై తొమ్మిది నిమిషాలు పట్టింది."

ఆమె బల్ల మీది ఖాళీ సీసా ఒకటి తీసుకుంది. కిందటి వారం వాడకుండా మిగిలిన సీసా, పేరు రాసిన పట్టీ ముక్క ఇంకా అతికే ఉంది. మూత మీద. రిజ్వానా మూత విప్పి, పక్కనున్న ఇంకో సీసాకు బిగించింది. పేరు ఆ సీసాకు వెళ్లిపోయింది. చెరిపింది లేదు, కొట్టేసింది లేదు.

"ల్యాబుల చేరిన తొలిరోజు నేర్పే సంగతి ఇది సాబ్. పేరు సీసా ఒంటి మీద రాయాలె, మూత మీద కాదు. ఆరేండ్ల కింద మా ల్యాబుకు పంపినప్పుడూ ఇక్కడ మూత మీదనే రాసెటోళ్లు, తడి తగిలితే ఊడిపోతదని. ఇప్పటికీ గంతే."

"నువ్వా!"

గుమ్మంలో డాక్టర్ దశరథం నిలబడి ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. "శ్రీదేవి పిలిచింది నిన్నేనా? టైముకు రిపోర్టు ఇయ్యక ఒక పిల్ల చావుకు కారణమైనదానివి. నా బిడ్డ కాడికి వస్తవా?"

"టైముకే ఇచ్చిన సారు. ఆ లెక్క తర్వాత చూసుకుందాం. సోమవారం పోయిన మూడు సీసాలు ఎవరివి?"

దశరథం బల్ల దాకా వచ్చాడు. "అక్షితది ఒకటి. బక్కయ్య అని కాలి మీద గడ్డ, కోసి పంపిన. ఇంకోటి బాలనర్సమ్మది. పట్నంల పెద్ద దవాఖాన ఐసీయూల నెల పండి వచ్చింది, వీపు పుండ్లు."

"పట్టుకపోయింది ఎవరు?"

"నర్సింగమ్మ. థియేటర్ ఆయా. ఆమె మీద అనుమానం పెట్టకు, మా ఇంటి మనిషి లెక్క. ఆమె బిడ్డ ఇక్కడ పోయినంక నేనే పిలిచి ఉద్యోగమిచ్చిన. మా అక్షితకు జడలేసి రోజూ బడికి తోలింది."

"ఆమె బిడ్డ పేరు కోమల" అంది రిజ్వానా.

ఆరేళ్ల కింద తాను పంపిన రిపోర్టు మీద ఉన్న పేరు అదే. విజేందర్ తల తిప్పి కానిస్టేబుల్‌తో, "ఆ ఆయమ్మను తోలుకరా" అన్నాడు.

రిజ్వానా వరండాలోకి వెళ్లి ల్యాబ్‌కు ఫోన్ చేసింది. మిగిలిన రెండు రిపోర్టులు నిమిషంలో ఆమె ఫోనుకు వచ్చాయి. బక్కయ్య పేరుతో ఈ-కోలై. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగదు, మెరోపెనెమ్‌కు చస్తుంది. బాలనర్సమ్మ పేరుతో క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా. మెరోపెనెమ్‌కు కూడా లొంగదు, కొలిస్టిన్ ఒక్కటే దిక్కు. ఈ రెండింటిలో ఒకటి అక్షిత చీముది. ఒకటి నిజం, ఒకటి మృత్యువు. కొలిస్టిన్ కిడ్నీలను తినే మందు, అక్షిత కిడ్నీలు వాంకోమైసిన్‌తోనే సగం మూతపడ్డాయి. రెండూ కలిపి ఎక్కించడానికి లేదు.

"తమ్మీ, బక్కయ్య చీము అద్దం ముక్క మీద పెట్టి మైక్రోస్కోపుల చూసిన్రు గద. పెరిగింది కాదు, అద్దం మీద ఏం కనపడింది?"

అవతలి కుర్రవాడు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "నాలుగైదు రకాలున్నయి మేడం. పెరిగింది మాత్రం ఒక్కటే."

"బాలనర్సమ్మది?"

"ఒకటే రకం."

అద్దం మీద నాలుగైదు, పళ్లెంలో ఒకటి. గాలి తగిలి చచ్చినవి మిగతావి. పేగు చీము అంటే అదే. పైగా మెరోపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా నెలల తరబడి ఐసీయూల్లో గొట్టాలతో పడుకున్నవాళ్లను పట్టుకునేది. ఏనాడూ దవాఖాన మంచమెక్కని పిల్ల కడుపులో దానికి పనిలేదు. రెండే మూతలు మారాయి, అక్షితది, బక్కయ్యది. మెరోపెనెమ్ అయితే ఆ కంపు రకాలను కూడా చంపుతుంది.

ఆమె ఇదంతా ఐసీయూలో ఉన్న శ్రీదేవికి రాసి పంపింది. మందు రాసే అధికారం తనకు లేదు, ఆ తల్లికి ఉంది. మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'ఒప్పుకుంటున్న. నాకూ అదే సరి అనిపిస్తాంది. మెరోపెనెమ్ 8:51కి మొదలుపెట్టిన.'

రిజ్వానా తిరిగి గదిలోకి అడుగుపెట్టేసరికి నర్సింగమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. యాభై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఉంది. ఏడవడం లేదు.

"మార్చిన" అంటోంది. "మూతలు మార్చిన. అయితేంది?"

విజేందర్ చెయ్యెత్తాడు. "రెండు తగిలిస్తే ఏది ఎవరిదో అదే చెప్తది."

"దెబ్బలకు చెప్పే మనిషైతే ఆరేండ్లు ఇక్కడ ఊడ్వకపోవు. చెయ్యి దించున్రి" అంది రిజ్వానా.

దశరథం ఫైళ్లలోంచి తీసిన ఆ రెండు రిపోర్టులు పట్టుకుని ఆమె ముందుకు వచ్చాడు. "నర్సింగమ్మా, నీ కాళ్లు మొక్కుత. బక్కయ్యదా, బాలనర్సమ్మదా? తప్పు మందు ఎక్కిస్తే పిల్ల పోతది. చెప్పు."

"మొన్న ఉగాదికి నీ దోస్తులతోని కూసొని ఏమన్నవ్ సారూ? నేను ఛాయ్ పట్టుకొని తలుపు కాడున్న. సాగర్ గేట్లెత్తిన్రని చూడబోకుంటే ఆ పిల్ల బతుకుండె, రిపోర్టు మూడు దినాలు నా టేబుల్ మీదనే పడుంది, అన్నవా లేదా?"

దశరథం చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"నీ ఛాయ్ చల్లారుతాందని లోపటికొచ్చి ఇచ్చి పోయిన. ఆ దినం నుంచి ఒక్కటే అనుకున్న. నీకు రిపోర్టు మీద గంత నమ్మకం గద, గోడకు బోర్డు కొట్టుకున్నవ్ గద, నీ చేత్తోనే రాసియ్యాలె నీ బిడ్డకు. రాసినవ్. ఇప్పుడు ఇంకొకటి రాయి. మా కోమల ఎట్ల పోయిందో కాగితం మీద పెట్టి సంతకం చెయ్యి. అప్పుడు చెప్త."

"బెదిరించి రాయించింది కోర్టుల నిలవదు" అన్నాడు విజేందర్.

"నాకు కోర్టు వద్దు. రాసిన కాగితం గావాలె."

దశరథం రిజ్వానా వైపు చూశాడు. ఆరేళ్ల కింద విచారణలో ఈమెను వేలెత్తి చూపిన మనిషి. ఇప్పుడు ఆ కళ్లు వేడుకుంటున్నాయి. "నీకు తెలుస్తది గద ఇవి. నువ్వు చెప్పు, ఏది?"

రిజ్వానా ఫోన్ చేతిలో ఉంది. ఒక్క మాట చాలు. మందు అప్పటికే ఎక్కుతోంది, పిల్లకు ఈ నిమిషాల్లో జరిగే నష్టం ఏమీ లేదు. తన పేరు మీద పడ్డ మచ్చ, నాలుగు ఊళ్ల ల్యాబుల్లో ఎవరూ పని ఇవ్వని రోజులు, ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగినప్పుడల్లా తలదించుకున్న అమ్మ. అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

"నాకేం తెలుస్తది సారు" అంది. "నేను టైముకు రిపోర్టు ఇయ్యనిదాన్ని."

దశరథం బల్ల ముందు కూలబడి పెన్ను తీసుకున్నాడు. గోడ గడియారం వైపు చూసుకుంటూ గబగబా రాశాడు. తొమ్మిదీ నాలుగుకు సంతకం పెట్టి కాగితం నర్సింగమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని రిజ్వానాకు అందించింది. "నాకు సదువు రాదు బిడ్డా. సదువు."

రిజ్వానా చదివింది. కోమల రిపోర్టు వచ్చిన రోజునే తనకు అందిందని, మందు మార్చకుండా సాగర్‌కు వెళ్లానని, తిరిగి వచ్చేసరికి పిల్ల చేతికి అందలేదని, ల్యాబ్ ఆలస్యం చేసిందని విచారణలో తాను చెప్పింది అబద్ధమని ఉంది. చివరి వాక్యం దగ్గర ఆమె ఆగింది. మళ్లీ మొదలుపెట్టి చదివి, కాగితం మడిచి విజేందర్ చేతికిచ్చింది.

"చెప్పు నర్సింగమ్మా" అన్నాడు దశరథం. "ఏది?"

నర్సింగమ్మ ఆయన కళ్లలోకి చూసింది. "బాలనర్సమ్మ పేరు మీదిది. మూడు మూతలూ మార్చిన."

"అబద్ధం!" రిజ్వానా ముందుకు దూకింది. "సారు, వినకున్రి. బక్కయ్య పేరు మీదిదే అక్షితది. అద్దం మీద నాలుగైదు రకాలు కనపడ్డయి. ల్యాబును అడిగిన. మెరోపెనెమ్ ఎనిమిదీ యాభై ఒకటికే మొదలైంది, మేడమే పెట్టింది. ఇదిగో చూడున్రి."

దశరథం ఫోను వైపు చూశాడు. తర్వాత గడియారం వైపు. తర్వాత ఆమె మొహం వైపు.

"ఎనిమిదీ యాభై ఒకటి" అన్నాడు నెమ్మదిగా. "అప్పటికి నేను పెన్ను ముట్టలే. నీకు అప్పుడే తెలుసా? తెలిసీ నాతోని రాయించుకున్నవా?"

"రాయించుకున్న. అది నా పగ. మందు మాత్రం నిజం."

"నాకేం తెలుస్తది అన్నవ్. నా కండ్లల్లకు చూసి అన్నవ్!"

కేకలు విని శ్రీదేవి ఐసీయూ వదిలి వరండాలోకి వచ్చింది. "ఏమైంది? బీపీ ఎనభై నాలుగుకు వచ్చింది, జర కోలుకుంటాంది..." ఆ మాట పూర్తి కాకముందే దశరథం వరండాలోకి ఉరికి ఐసీయూ పక్కనున్న మందుల ఫ్రిజ్ తెరిచాడు. బాలనర్సమ్మ కోసం తెప్పించి పెట్టిన కొలిస్టిన్ సీసా తీసుకుని భార్యను పక్కకు నెట్టి ఐసీయూలోకి దూరాడు. లోపలి నుంచి గడియ పడింది.

"దశరథం! కిడ్నీలు పోతయి! తలుపు తియ్యి!" శ్రీదేవి రెండు చేతులతో బాదుతోంది. విజేందర్ టోపీ విసిరేసి భుజంతో తలుపును గుద్దాడు. పాత టేకు తలుపు. కదల్లేదు.

రిజ్వానా కిటికీ అద్దానికి మొహం ఆనించింది. ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు, సిరంజిలోకి మందు లాగుతూ. పగబట్టిన ఇద్దరు ఆడవాళ్లలో తనతో ఒప్పందం చేసుకున్నదాన్ని నమ్మాడు, తనను మోసం చేసినదాన్ని కాదు. పదమూడు నిమిషాల కింద ఒక్క మాట అని ఉంటే ఆ చేతిలో ఆ సిరంజి ఉండేది కాదు.

"సారూ! బక్కయ్యదే! అల్లా మీద ఒట్టు!"

ఆయన తల తిప్పలేదు.

వెనక గోడ దగ్గర నర్సింగమ్మ కింద కూర్చుని కొంగు సర్దుకుంటోంది. "నేను ఆ పిల్లను ముట్టలే" అంది, ఎవరితోనో కాదు, తనలో తాను. "అప్పుడూ ఇప్పుడూ అంతా ఆయన చేతులతోనే."

అద్దం అవతల దశరథం ఎడమ చెయ్యి పైకి లేచి, మెరోపెనెమ్ ఎక్కుతున్న గొట్టం మీది చక్రాన్ని బొటనవేలితో కిందికి తిప్పింది.

చుక్క ఆగిపోయింది.